కందకు లేని దురద చర్మానికెందుకు?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరండి. మా అత్తయ్యకి 54 ఏళ్లు. ఏడాది నుంచీ దురద. ముందు అరిచేతులు, అరికాళ్లు, ఇప్పుడు ఒళ్లంతా. పొద్దుట బాగానే ఉంటారు, రాత్రి అన్నాలయ్యాక మొదలవుతుంది. దువ్వెనతో గోక్కుంటారు. గోళ్ల గీతలు తప్ప ఒంటి మీద పొక్కు గానీ మచ్చ గానీ లేదు. సిట్రిజిన్ మాత్రలు ఎన్ని మింగారో లెక్క లేదు. మా ఊరి ఆర్.ఎం.పి. గారు ఎవిల్ ఇంజెక్షన్ చేస్తే ఆ రాత్రికి పడుకుంటారు, మర్నాడు మామూలే. వంకాయ, గోంగూర, చేపలు, రొయ్యలు అన్నీ మాన్పించాం. మొన్న అమలాపురంలో రక్తపరీక్ష చేయిస్తే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 486 వచ్చింది. కామెర్లు లేవు గానీ లివర్ డాక్టరుకి చూపించమన్నారు. ఆవిడ జన్మలో మందు ముట్టిన మనిషి కాదు. ఒంటి మీద దురదకి లివరుతో ఏం సంబంధమండీ? మా వారు రొయ్యల చెరువు మీద పనిచేస్తారు. ఆయనకి గజ్జల్లో తామర వచ్చి ఎనిమిది నెలలైంది, ట్యూబు రాస్తే తగ్గి మళ్లీ వస్తోంది. అత్తయ్య దగ్గర్నుంచి అంటుకుందా? వచ్చే నెల మా ఆడపడుచు పురిటికి వస్తోంది. ఇప్పుడు ఏడో నెల. తనకీ అంటుకుంటుందేమోనని భయంగా ఉంది.

జవాబు: అమ్మా, మీ ఇంట్లో ఉన్నవి రెండు వేర్వేరు దురదలు. ఒకే గడపలో ఉన్నాయన్న మాటే గానీ ఒకదానికొకటి చుట్టం కాదు. మీ వారిది అంటుకునేదే, కానీ అత్తయ్యగారి నుంచి వచ్చింది కాదు. అత్తయ్యగారిది ఎవరికీ అంటదు. ముందు ఆవిడ సంగతి చూద్దాం.

మీరు రాసినదాంట్లో నాకు బాగా పనికొచ్చిన మాట, సిట్రిజిన్ పనిచేయలేదన్నది. మాత్ర పనిచేయకపోతే కంపెనీ మార్చడం, డోసు పెంచడం, చివరికి ఇంజెక్షన్‌కి వెళ్లడం మన దగ్గర అలవాటు. పనిచేయలేదన్నదే ఒక ఆధారమని ఎవరూ ఆగి చూడరు.

దోమ కుట్టినా, దద్దుర్లు లేచినా చర్మంలోని మాస్ట్ కణాలు హిస్టమిన్ అనే రసాయనాన్ని వదులుతాయి. సన్నని నరాల కొసల మీద దాన్ని పట్టుకునే గ్రాహకాలుంటాయి. హిస్టమిన్ అక్కడ తగులుకుంటే నరం వెన్నుపాముకి కబురు పంపుతుంది, మనకి దురద తెలుస్తుంది. సిట్రిజిన్ ఆ గ్రాహకాన్ని పనిచేయనివ్వదు. అందుకే దద్దుర్లకి చక్కటి మందు. అయితే హిస్టమిన్ ప్రమేయమే లేని దురదలు చాలా ఉన్నాయి, అక్కడ సిట్రిజిన్‌కి పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

దీనికి మన చేలగట్ల మీదే సాక్ష్యం ఉంది. దూలగొండి కాయ నూగు ఒంటికి తగిలితే ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఆ నూగులో మ్యుక్యునైన్ అనే ఎంజైమ్ ఉందని 1955లో అమెరికాలో కనుక్కున్నారు. అది ప్రోటీన్లను కోసే రకం ఎంజైమ్. 2008లో తేలిందేమిటంటే, ఆ ఎంజైమ్ నరాల మీద, చర్మ కణాల మీద ఉండే పి.ఎ.ఆర్.-2, పి.ఎ.ఆర్.-4 అనే గ్రాహకాలను కోసి మేల్కొలుపుతుంది. హిస్టమిన్‌కి అక్కడ పనిలేదు. హిస్టమిన్ కబురు ఒక రకం నరాల మీద పోతే, దూలగొండి కబురు చాలావరకు వేరే రకం నరాల మీద పోతుంది. ఆరు వారాలు దాటిన దురదని వైద్యంలో దీర్ఘకాలిక దురద అంటారు. ఎగ్జిమా, కిడ్నీ జబ్బు, లివర్ జబ్బుల దురదలు ఎక్కువగా ఈ రెండో దారివే.

ఎగ్జిమానే తీసుకోండి. చర్మం పైపొర సరిగా అతుక్కుని ఉండదు, లోపలి తేమ బయటికి పోతుంది, బయటి చెత్త లోపలికి వస్తుంది. ఆ పొరకి బలమిచ్చే ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ జన్యువులో లోపాలున్నవాళ్లకి ఎగ్జిమా ఎక్కువని 2006లో బయటపడింది. అక్కడ చేరిన రోగనిరోధక కణాలు ఇంటర్‌ల్యూకిన్-4, 13, 31 అనే పదార్థాలను వదులుతాయి. ఇవి నేరుగా నరం మీదే పనిచేస్తాయి. 31కి దురద ఇంటర్‌ల్యూకిన్ అనే పేరు కూడా ఉంది. వీటిలో 4, 13ల దారిని మూసే డుపిలుమాబ్ ఇంజెక్షన్‌కి అమెరికాలో 2017లో అనుమతి వచ్చింది. ఖరీదు మనలాంటివాళ్లకి అందేది కాదనుకోండి. చెప్పొచ్చేదేమిటంటే, ఏ దారో తెలిశాకే మందు దొరికింది.

గోకితే ఎందుకు హాయి అన్నది కూడా ఇక్కడే చెప్పేస్తాను. దురద అంటే చిన్న నొప్పి అని పూర్వం అనుకునేవారు. 2007లో ఎలుకల వెన్నుపాములో దురద కబురుకే ప్రత్యేకమైన ఒక గ్రాహకం దొరికింది. అది లేని ఎలుకలకి నొప్పి మామూలుగానే తెలిసింది, గోక్కోవడం మాత్రం బాగా తగ్గింది. గోకినప్పుడు పుట్టే నొప్పి వెన్నుపాములో దురద కబురుని అణుస్తుంది, అందుకే ఆ క్షణం హాయి. ఆ నొప్పిని తగ్గించడానికి మెదడు సెరోటోనిన్‌ని కిందికి పంపుతుంది. అదే సెరోటోనిన్ దురద నాడీకణాలను మళ్లీ రేపుతుందని 2014లో ఎలుకల్లోనే చూపించారు. గోకిన కొద్దీ పెరగడం మీ అత్తయ్యగారి ఓర్పులేనితనం కాదు. "గోక్కోకండి" అని రాత్రంతా ఆవిడ చెయ్యి పట్టుకోవడం వల్ల లాభం లేదు.

ఇక లివర్. కందకు లేని దురద కత్తిపీటకెందుకని మనవాళ్ల సామెత. ఇక్కడ సరిగ్గా అదే జరుగుతోంది. జబ్బు లివర్‌ది, లివర్‌కి దురద లేదు, గోక్కునేది చర్మం.

లివర్ రోజుకి సుమారు అర లీటరు నుంచి లీటరు దాకా పైత్యరసం తయారుచేసి సన్నని నాళాల ద్వారా పేగుల్లోకి పంపుతుంది. కొవ్వు అరగడానికి అందులోని పైత్య ఆమ్లాలు కావాలి. పని అయ్యాక వాటిలో నూటికి 95 వంతులు చిన్నపేగు చివరిభాగంలో తిరిగి పీల్చబడి లివర్‌కే చేరతాయి. రాయి అడ్డం పడినా, గడ్డ నొక్కినా, లివర్ లోపలి సన్ననాళాలే దెబ్బతిన్నా ఈ ప్రవాహం మందగిస్తుంది. పేగులోకి పోవలసినవి రక్తంలోకి ఎగదన్ని, ఒళ్లంతా తిరిగి, చర్మంలోని నరాల కొసలకి చేరతాయి. నాళాల వైపు కణాలకి ఇబ్బంది కలిగినప్పుడు రక్తంలో పెరిగేదే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్. మామూలుగా దీని పైహద్దు 120 అటూఇటూ ఉంటుంది, ఆవిడకి 486. కళ్లు పచ్చబడకపోవడం చూసి లివర్ బాగుందనుకోకూడదు. ఈ రకం జబ్బుల్లో దురద ముందొచ్చి, కామెర్లు నెలలకో ఏళ్లకో వస్తాయి. కొందరికి అసలు రావు.

రక్తంలోకి ఎగదన్నినవాటిలో నరాన్ని రేపేది ఏది? ఇన్నేళ్లుగా వెతుకుతున్నా, ఇదొక్కటే దోషి అని తేలలేదు. పైత్య ఆమ్లాల మీద మొదటినుంచీ అనుమానం. మనిషి నరాల మీద ఉండే ఎం.ఆర్.జి.పి.ఆర్.ఎక్స్.-4 అనే గ్రాహకాన్ని అవి, బిలిరుబిన్ కూడా, మేల్కొలుపుతాయని 2019లో తెలిసింది. కానీ రక్తంలో పైత్య ఆమ్లాలు ఎంత ఎక్కువుంటే దురద అంత ఎక్కువని లెక్క కుదరదు. విపరీతంగా పెరిగినా హాయిగా నిద్రపోయేవాళ్లున్నారు, కొద్దిగా పెరిగితేనే నరకం చూసేవాళ్లున్నారు. 2010లో ఆటోటాక్సిన్ అనే ఎంజైమ్ బయటికొచ్చింది. అది లైసోఫాస్ఫాటిడిక్ ఆమ్లాన్ని తయారుచేస్తుంది. దురద ఎంతన్నదానికి ఈ ఎంజైమ్ లెక్క పైత్య ఆమ్లాలకంటే బాగా సరిపోయింది. మూడోది, ఒంట్లో తనంతట తానే తయారయ్యే మార్ఫిన్ లాంటి పదార్థాలు. ఆపరేషన్‌లో వెన్నులోకి మార్ఫిన్ ఇస్తే చాలామందికి దురద పుడుతుంది, అదే రకం పని ఇవీ చేస్తాయి. నా మటుకు నాకు ఇది ఒక్కరి పని అనిపించదు, మనిషిని బట్టి వీటి పాళ్లు మారుతుంటాయి.

మీ అత్తయ్యగారి లక్షణాలు ఈ రకం దురదకి అచ్చుగుద్దినట్టున్నాయి. అరిచేతులు, అరికాళ్లలో మొదలవడం, సాయంత్రం పొద్దుపోయాక పెరగడం, పొక్కులేవీ లేకపోవడం, గోకినా తీరకపోవడం. ఒక్కటి మీరే చూడొచ్చు. వీపు మధ్యలో చెయ్యి అందని చోట చర్మం నున్నగా ఉండి, చుట్టూ అందిన మేర గీతలు, నల్లమచ్చలు ఉంటే దురద లోపలినుంచి వచ్చిందని, చర్మం గోళ్లవల్లే పాడైందని అర్థం. వీపు గోకే కర్ర వాడితే మాత్రం ఈ గుర్తు పనికిరాదు. ఎవిల్ ఇంజెక్షన్ సంగతికొస్తే, అది మత్తునిచ్చి పడుకోబెడుతోంది, దురదని తీసేయడం లేదు. ఈ వయసులో అర్ధరాత్రి మత్తులో లేచి బాత్రూమ్‌లో పడితే తుంటి విరుగుతుంది. అది ఆపేయండి.

ఇప్పుడు చేయాల్సింది లివర్ డాక్టరుకి, అంటే గ్యాస్ట్రోఎంటరాలజిస్టుకి చూపించడం. కాకినాడ, రాజమండ్రి, భీమవరం, మీకు ఏది వీలైతే అది. ముందు అల్ట్రాసౌండ్ తీస్తారు, పెద్దనాళంలో రాయి గానీ గడ్డ గానీ లేదని తేల్చుకోవడానికి. దాంతో పాటు లివర్ కోసం జి.జి.టి., బిలిరుబిన్, ఇంకా థైరాయిడ్, కిడ్నీ కోసం క్రియాటినిన్, రక్తం పట్టు (హిమోగ్లోబిన్) కూడా చూస్తారు, ఎందుకంటే కిడ్నీ, థైరాయిడ్, ఐరన్ లోపం కూడా పొక్కులేని దురద తెస్తాయి. నాళం బాగుంటే ఎ.ఎం.ఎ. అనే యాంటీబాడీ పరీక్ష రాస్తారు. నలభై దాటిన ఆడవాళ్లలో ఇలా ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెరిగి దురద ఉంటే ప్రైమరీ బిలియరీ కొలాంజైటిస్ అనే జబ్బు ముందు గుర్తొస్తుంది. ఒంటి రక్షణ వ్యవస్థే లివర్ లోపలి సన్ననాళాలను దెబ్బతీసే జబ్బది. నూటికి తొంభైమందికి పైగా ఈ పరీక్ష పాజిటివ్ వస్తుంది. ఫోన్‌లో వెతికితే పాత పేరుతో "సిర్రోసిస్", అంటే లివర్ గట్టిపడిపోవడం, అని కనబడి కంగారుపడతారేమో. చాలామందికి సిర్రోసిస్ లేకపోయినా, తాగుబోతులన్న నింద పడుతోందనే 2015లో ఆ పేరు తీసేశారు. మీ అత్తయ్యగారు మందు ముట్టకపోవడానికీ దీనికీ వైరుధ్యం లేదు.

ఆ జబ్బే అని తేలితే అర్సోడియాక్సీకోలిక్ ఆమ్లం మాత్రలు రోజుకి కిలో బరువుకి 13 నుంచి 15 మిల్లీగ్రాముల లెక్కన, ఏళ్ల తరబడి వాడాలి. అది లివర్‌ని కాపాడే మందు. దురదకి దాన్ని నమ్ముకోకూడదు. మాత్ర వేసుకుంటున్నా దురద తగ్గలేదని మానేసేవాళ్లున్నారు, అది పెద్ద పొరపాటు. దురద ఎంతుందన్నది జబ్బు ఎంత ముదిరిందో చెప్పదు.

దురదకి విడిగా మందులున్నాయి, వాటి పేర్లు విని ఇంట్లో గొడవ మొదలవుతుంది కాబట్టి ముందే చెబుతున్నాను. మొదటిది కొలెస్టిరమైన్ పొడి. పేగులోనే పైత్య ఆమ్లాలను పట్టుకుని బయటికి పంపేస్తుంది, ఒంట్లోకి ఇంకదు. రాత్రంతా పిత్తాశయంలో చేరిన రసం పొద్దుటి టిఫిన్‌తో బయటికొస్తుంది, అందుకని టిఫిన్‌కి ముందూ తర్వాతా ఇస్తారు. మిగతా మందులనీ పట్టేసుకుంటుంది, కాబట్టి అవి గంట ముందో, నాలుగు నుంచి ఆరు గంటల తర్వాతో వేసుకోవాలి. దీనికి లొంగకపోతే రిఫాంపిసిన్, టీబీకి వాడే మందు. "మా అమ్మకి టీబీ లేదు కదా" అని మీ వారు అడుగుతారు. లేదు. ఈ మందు ఆటోటాక్సిన్ తయారీని తగ్గిస్తుంది. మూత్రం ఎర్రగా వస్తుంది, భయపడొద్దు. కొద్దిమందికి లివర్‌నే దెబ్బతీస్తుంది, కనుక మొదటి నెలల్లో రక్తపరీక్షలు మానకూడదు. బెజాఫైబ్రేట్ కూడా ఈ దురదని తగ్గిస్తుందని 2021లో ఒక మంచి పరిశోధన చూపింది. ఆపైన నాల్ట్రెక్సోన్. ఇది తాగుడు మాన్పించడానికి వాడే మందు, ఇందాక చెప్పిన మార్ఫిన్ లాంటి పదార్థాలకి అడ్డం పడుతుంది. చివర్లో సెర్ట్రలిన్, డిప్రెషన్ మందు. దురదని "మనసులో ఉంది" అని తీసిపారేసి రాసే మందు కాదది, నరాల దారిలో పనిచేస్తుందని రాస్తారు. వరసగా ఒకటి చూసి ఇంకోటి కలుపుతారు. ఆ వరస డాక్టరుకి వదిలేయండి.

పత్యం ఎత్తేయండి. వంకాయ, గోంగూర, రొయ్యలకి ఈ దురదతో సంబంధం లేదు. రొయ్య పడనివాళ్లకి తిన్న కొద్ది నిమిషాలకో, ఒకట్రెండు గంటల్లోనో దద్దుర్లు లేస్తాయి, ఏడాదిపాటు రాత్రిళ్లు మాత్రమే అరికాళ్లు దురద పెట్టవు. ఎండలో నిలవుండిపోయిన కానాగడతలు తింటే మొహం ఎర్రబడి దురద రావడం వేరే కథ. చేపలోనే హిస్టమిన్ తయారై ఉంటుంది, ఎంత ఉడికించినా పోదు, అక్కడ సిట్రిజిన్ బాగా పనిచేస్తుంది. కంద దురదా వేరే. సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాలు చర్మంలో దిగడం వల్ల వచ్చేది, చెయ్యి కడిగి చింతపండు రుద్దుకుంటే తీరేది. ఏడాదిగా చేపా రొయ్యా లేకుండా గోదావరి జిల్లాలో బతకడం మటుకు దురదకి తక్కువ శిక్షేం కాదు. ఆవిడకి ఈ ఆదివారం పులుసు పెట్టండి.

పసరు మందు మాత్రం వద్దు. లివర్ అనగానే చుట్టాలు ఏదో ఊరి పేరు చెప్పి తీసుకెళ్తామంటారు. ఆకుపసర్లలో ఏముందో పోసేవాళ్లకే తెలియదు. తిప్పతీగ కషాయం తాగినవాళ్లలో కొందరికి లివర్ వాచిన కేసులు 2021లో ముంబయి డాక్టర్లు ప్రచురించారు. చేతికి వాతలు పెట్టించడం గురించి వేరే చెప్పనక్కర్లేదనుకుంటాను.

మందులు పనిచేసేలోపు ఒంటికి చన్నీళ్లు, పల్చటి నూలు బట్టలు, గోళ్లు కత్తిరించుకోవడం, స్నానం అవగానే తడి ఆరకముందే కొబ్బరినూనె. మెంథాల్ కలిసిన లోషన్ రాస్తే చల్లదనం తెలిసే నరాలు మేల్కొని దురద కాసేపు వెనక్కి తగ్గుతుంది. వేన్నీళ్లు హాయిగా ఉంటాయి గానీ గంట తర్వాత దురద రెట్టింపవుతుంది. ఈలోపు కళ్లు పచ్చబడ్డా, మూత్రం ముదురు రంగులో వచ్చి విరోచనం సున్నం రంగులో ఉన్నా, చలిజ్వరం వచ్చినా అపాయింట్‌మెంట్ రోజు కోసం ఆగకండి.

మీ వారి సంగతి చిన్నదే, కానీ మొండిది. ఆయన రాస్తున్న ట్యూబు మీద చిన్న అక్షరాలు చదవండి. క్లోబెటసాల్, బీటామెథాసోన్ అనే పేర్లుంటే అది స్టీరాయిడ్. తామర బూజు తెగులు లాంటిది, చర్మంలోని కెరాటిన్ తిని బతుకుతుంది. దాని మీద మన ఒళ్లు చేసే యుద్ధమే ఎరుపూ దురదా. స్టీరాయిడ్ ఆ యుద్ధాన్ని ఆపేస్తుంది, రెండు రోజుల్లో దురద పోతుంది, బూజు మాత్రం అడ్డంలేక తొడల మీదికీ పిరుదుల మీదికీ పాకుతుంది. మూడు మందులు కలిపిన ట్యూబు మెడికల్ షాపులో చీటీ లేకుండా దొరకడం మన రాష్ట్రంలో ఇన్ని మొండి తామరలకి ఒక ముఖ్య కారణమని నా అభిప్రాయం. ఆ ట్యూబు పారేసి చర్మం డాక్టరుకి చూపించండి. మింగే ఫంగస్ మందు వారాల తరబడి, మచ్చ కనబడకుండా పోయాక కూడా కొన్నాళ్లు వాడాల్సి రావచ్చు. చెరువు మీద నుంచి రాగానే తడి నిక్కరు విప్పి, స్నానం చేసి, గజ్జలు బాగా తుడుచుకోవాలి. ఆయన తువ్వాలు, లుంగీ విడిగా ఉతికి ఎండలో ఆరేయండి. ఇంట్లో పిల్లలకి కూడా వేళ్ల సందుల్లో, బొడ్డు చుట్టూ రాత్రిళ్లు దురద ఉంటే అది తామర కాదు, గజ్జి, అప్పుడు ఇంటిల్లిపాదికీ ఒకేరోజు మందు రాయాలి.

మీ ఆడపడుచుకి అన్నగారి తువ్వాలు తప్ప వేరే భయం లేదు, తల్లి దగ్గర హాయిగా పడుకోవచ్చు. అయితే ఆమె విషయంలో ఒక జాగ్రత్త ఉంది, ఇది అంటుకోవడం గురించి కాదు. ఏడో నెల తర్వాత కొందరు గర్భిణులకి లివర్‌లో పైత్యరసం నెమ్మదించి, పొక్కు లేకుండా అరిచేతులు, అరికాళ్లు దురద పెడతాయి. పొట్ట మీద చర్మం సాగి దురద పెట్టడం మామూలే, అరికాళ్ల దురద మామూలు కాదు. "కడుపుతో ఉన్నప్పుడు ఇవన్నీ ఉంటాయిలే" అని పెద్దవాళ్లు సర్దిచెప్పేలోపు కాన్పు డాక్టరుకి చెప్పి, సీరం బైల్ యాసిడ్స్ (రక్తంలో పైత్య ఆమ్లాలు), ఎల్.ఎఫ్.టి. (లివర్ పరీక్ష) చేయించండి. మొదటిసారి మామూలుగా వచ్చినా దురద పోకపోతే వారం పదిరోజుల్లో మళ్లీ చేయించాలి. బైల్ యాసిడ్స్ అంకె లీటరుకి 100 మైక్రోమోల్స్ దాటితే కడుపులో బిడ్డకి ప్రాణాపాయం పెరుగుతుంది, అప్పుడు కాన్పు ముందుగా చేయాలా అన్నది డాక్టరు నిర్ణయిస్తారు. గర్భంతో ఉన్నప్పుడు ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ మాయ వల్ల దానంతటదే పెరుగుతుంది, ఆ ఒక్క అంకె చూసి బెదరకండి. అత్తయ్యగారికి నేననుకున్న జబ్బే తేలితే, అది కూతుళ్లలో కాస్త ఎక్కువగా కనబడుతుంది కాబట్టి, పురుడయ్యాక రెండు మూడు నెలలు గడిచి మాయ ప్రభావం పోయాక ఆమెకీ ఒకసారి ఎల్.ఎఫ్.టి. చేయించండి.